హైదరాబాద్‌లో రీఫ్ ట్యాంక్: నీళ్లు, ఎండ, కరెంటు

మా హాల్లో కోరల్స్ (పగడాలు), చేపలు పెంచే మూడడుగుల ఉప్పునీటి ట్యాంక్ ఉంది, దీన్నే రీఫ్ ట్యాంక్ అంటారు. కింద స్టాండ్‌లో ఉండే రెండో తొట్టి, అంటే సంప్ కూడా కలుపుకుంటే దాదాపు 200 లీటర్ల నీళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు చేపల రేటు అడుగుతారు, తర్వాత లైటు రేటు. ఆ నీలం వెలుగులో కోరల్స్ మెరుస్తుంటే ఖర్చంతా లైటు మీదే పోయిందనిపిస్తుంది, అది సహజమే. కానీ మన దగ్గర ఈ పని నెత్తికెత్తుకునేవాళ్లు లైటు సంగతి ఆఖర్న చూసుకోవాలని నేను గట్టిగా చెబుతా. శుభ్రమైన నీళ్లిచ్చే యూనిట్, నీళ్లని చల్లబరిచే చిల్లర్, ఇన్వర్టర్ ఈ మూడూ అయ్యాక ఏం మిగిలితే దాంతో లైటు కొనుక్కోవచ్చు. యూట్యూబ్‌లో ట్యాంకులు చూపించేవాళ్లలో ఎక్కువమంది చలి దేశాలవాళ్లు. వాళ్ల గోలంతా హీటర్‌తో. మన గోల దానికి ఉల్టా.

నీళ్ల దగ్గర్నుంచి వస్తా. మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, ఎక్కువ రోజులు బోరు నీళ్లో ట్యాంకరో, అప్పుడప్పుడు మున్సిపల్ నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 900 దగ్గర ఆడుతుంది. ఇంట్లో ఆర్వో ఉంది కదా, అందులోంచి పట్టుకుంటే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే చాలా వంటింటి ఆర్వోల్లో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఒకటి ఉంటుంది, నీళ్లు మరీ చప్పగా ఉండకుండా వడకట్టని నీళ్లు కొన్ని తిరిగి కలుపుతుంది. మాది కొలిస్తే 70 చూపించింది. తాగడానికి ఏ ఇబ్బందీ లేదు. రీఫ్ ట్యాంక్‌కి మాత్రం కావలసింది సున్నా, ఎందుకంటే ఆ 70లో ఉన్నది కాల్షియమా, నైట్రేటా, సిలికేటా అన్నది మీటర్ చెప్పదు. అందుకని ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పీల్చేసే డీఐ రెజిన్ ఉన్న వేరే యూనిట్ వాష్ ఏరియాలో బిగించా. రెజిన్ రంగు మారుతూ వస్తుంది, పూర్తిగా మారేలోపు కొత్తది వేయాలి. మా బోరు నీళ్లకి అది చాలా తొందరగా అయిపోతోంది, కాబట్టి మున్సిపల్ నీళ్లు వచ్చిన రోజే డ్రమ్ముల్లో పట్టుకుంటా. ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, కార్బన్ ఫిల్టర్ బాగుంటే అది పెద్ద సమస్య కాదు. ఆర్వో వదిలేసే నీళ్లు బకెట్లలోకి పోయి ఇల్లు తుడవడానికి, బాత్రూంకి పనికొస్తున్నాయి, లేకపోతే ఇంట్లో గొడవ అయ్యేది.

ఈ నీళ్లలో సముద్రపు ఉప్పు మిక్స్ కలపాలి. వంట ఉప్పు కాదు, కళ్లుప్పు అసలే కాదు. మిక్స్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (క్షారగుణం) అన్నీ లెక్కగా ఉండాలి. లీటరుకి 38 నుంచి 40 గ్రాములు వేస్తే లవణీయత 35 దగ్గరికి వస్తుంది, స్పెసిఫిక్ గ్రావిటీలో చెప్పాలంటే 1.026. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మామూలు నీళ్లతో సున్నాకి సెట్ చేసి ఊరుకోకుండా, 35 అని రాసి అమ్మే క్యాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకోండి. చాలావాటికి సున్నా దగ్గర సరిగ్గానే ఉంటుంది, 35 దగ్గర తేడా కొడుతుంది.

సైక్లింగ్, అంటే చేపలు వేసేముందు ట్యాంక్‌లో మంచి బాక్టీరియా పెంచడం, దాని గురించి అందరూ పుస్తకాలు రాస్తారు, నిజానికి అందులో చేసేదేం లేదు. బజార్లో కొన్న పచ్చి రొయ్య ఒకటి వేసి వదిలేశా. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, దాన్ని బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేప వేయకూడదు, అంతే. మూత వేసి ఉంచండి, లేకపోతే ఆ వాసనకి ఇంట్లోవాళ్లు ట్యాంక్‌నే బయట పెట్టిస్తారు. ఆ తర్వాత ఇసుక మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. అవి డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, వాటంతటవే పోతాయి, మందులు కొనొద్దు.

ఇక ఎండలు. ఏసీ వేయని వేళ మే నెలలో మా హాలు 36, 37 డిగ్రీలు ఉంటుంది. కోరల్స్‌కి కావలసింది 25, 26. నీళ్లు 30 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే కోరల్ ఒంట్లో ఉండే నాచు బయటికి పోతుంది. దాని రంగూ తిండీ రెండూ ఆ నాచువల్లే కాబట్టి తెల్లగా పాలిపోయి, ఆకలితో చస్తుంది. సముద్రంలో పగడపు దిబ్బలకి జరుగుతున్నదీ ఇదే, కాకపోతే హాల్లో అయితే రోజూ పక్కన కూర్చుని చూడాలి.

ముందు నీటి పైన రెండు చిన్న ఫ్యాన్లు పెట్టా, కంప్యూటర్‌లో ఉండేలాంటివి. హైదరాబాద్ వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఆవిరవుతూ మూడు డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఏప్రిల్ సగం వరకు వాటితోనే నెట్టుకొచ్చా. కానీ ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజుకి మూడు నాలుగు లీటర్లు తగ్గిపోయేవి, అది నింపకపోతే ఉప్పదనం పెరుగుతుంది. నింపాల్సింది కూడా ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లతోనే. పొద్దున్న మగ్గుతో పోసి సాయంత్రం మళ్లీ పోస్తే రోజంతా ఉప్పదనం ఊగుతూనే ఉంటుంది, అందుకే ఆటో టాపప్ పెట్టించా. సెన్సర్ నీటిమట్టం చూసుకుని కొంచెం కొంచెం పోస్తుంది. ఈ మొత్తం సెటప్‌లో నాకు ఎక్కువ నిద్ర ఇచ్చింది అదే.

మే వచ్చేసరికి ఫ్యాన్ల వల్ల కాలేదు, 1/10 హెచ్‌పీ చిల్లర్ దిగింది. షాపువాళ్లు స్టాండ్ కిందే క్యాబినెట్‌లో పెట్టి వెళ్లిపోయారు. చిల్లర్ నీళ్లలోంచి తీసిన వేడిని ఎక్కడో ఒకచోట వదలాలి కదా, ఆ వేడంతా మూసిన చెక్కపెట్టెలోనే తిరుగుతూ సంప్‌ని మళ్లీ వేడెక్కించేది, కంప్రెసర్ ఆగకుండా తిరిగేది. వాష్ ఏరియాలోకి మార్చి, గోడకి రంధ్రం కొట్టించి, పైపుల మీద ఏసీవాళ్లు వేసే నల్ల స్పాంజ్ చుట్టించాక దారికొచ్చింది. రంధ్రం విషయంలో ఇంటి ఓనర్‌తో మాట్లాడ్డం ఈ హాబీలో భాగమని ఎవరూ చెప్పరు.

కరెంటు బిల్లు అందరూ అడిగేదే కాబట్టి వేసవి లెక్క చెప్పేస్తా. చిల్లర్ 180 వాట్లు, రోజులో పది గంటలు తిరిగితే 1.8 యూనిట్లు. సంప్ నుంచి నీళ్లు పైకెక్కించే రిటర్న్ మోటరు, నీళ్లని కదిలించే వేవ్ మేకర్లు కలిపి 50 వాట్లు, ఇరవై నాలుగు గంటలూ, అంటే 1.2. లైటు 90 వాట్లు తొమ్మిది గంటలు, 0.8. నురగతో మురికి తీసే స్కిమ్మర్ ఇంకో 0.4. రోజుకి నాలుగు యూనిట్లు దాటుతుంది, నెలకి 125 అనుకోండి. అసలు దెబ్బ ఏమిటంటే మన బిల్లు స్లాబుల్లో ఉంటుంది, ఇంటి వాడకం మీద ఈ 125 కూర్చునేసరికి పై స్లాబు రేటు పడుతుంది. చలికాలంలో చిల్లర్ ఆగిపోతుంది, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న హీటర్ మాత్రం వెలుగుతుంది.

కరెంటు పోవడం ఇంకో కథ. వేసవిలో సాయంత్రంపూట ఈదురుగాలితో వాన పడి, ఎక్కడో చెట్టు తీగల మీద పడి, రాత్రంతా కరెంటు లేని సందర్భాలు మా ఏరియాలో మామూలే. అప్పుడు అందరూ వేడికి భయపడతారు గానీ, ముందు ప్రాణం తీసేది గాలి అందకపోవడం. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ కరగదు, వేడి నీళ్లలో అది ఉండేదే తక్కువ, చేపలతో పాటు రాళ్లలోని బాక్టీరియా కూడా దాన్నే వాడుకుంటుంది. అందుకని ఇన్వర్టర్ మీద లైటూ చిల్లరూ కాదు, వేవ్ మేకర్, రిటర్న్ మోటరు రెండే ఉంచా. రెండూ కలిపి 50 వాట్లు దాటవు కాబట్టి 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక రాత్రి సులువుగా గడుస్తుంది, ఇంట్లో ఫ్యాన్లన్నీ దాని మీదే తిరగకపోతే. మొదటిసారి అలా హాల్లో ఫ్యాన్ ఆపేసినప్పుడు అమ్మ "మనుషులకి ఫ్యాన్ లేదు గానీ చేపలకి మోటరు కావాల్సొచ్చిందా" అని ఆ రాత్రంతా అంటూనే ఉంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ తీసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ కరెంటుతో తిరిగే మోటర్లు గుర్రుమంటూ వేడెక్కుతాయి. వేడికి మందు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఉంచుకున్న నీళ్ల సీసాలు, మూత తీయకుండా సంప్‌లో తేలేయాలి. ఐస్ నేరుగా వేస్తే ఉప్పదనం పడిపోతుంది.

పనిలో పని ఇంకో మాట. ఉప్పు నీళ్లు చిమ్మి ఆరిన చోటల్లా తెల్లటి పొర కడుతుంది, అది వైరు పట్టుకుని ప్లగ్గుల దాకా పాకుతుంది. మా పవర్ బోర్డు మీద చూసి వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ట్యాంక్ లైన్‌కి విడిగా కరెంటు లీకైతే లైన్ ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ పెట్టించా. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడే చుక్క కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు. తడి చేతుల్తో రోజూ పనిచేసే చోటు అది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది మాత్రం డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు, అందరూ డైనోస్ అంటారు. ఇసుక మీద గోధుమరంగు జిగురు, అందులో గాలి బుడగలు, రాళ్ల మీంచి తీగలు తీగలుగా సాగుతుంది. రాత్రి లైట్లు ఆపితే దాదాపు మాయం, పొద్దున్న ఇసుక తెల్లగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికల్లా మళ్లీ అంతా కప్పేస్తుంది. పొడవాటి సిరంజితో పీల్చి పారేసినా సాయంత్రానికి అంతే ఉంటుంది. నత్తలు వెల్లకిలా పడి చనిపోవడం మొదలైంది. నీళ్లు టెస్ట్ చేస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. కాగితం మీద ఇంత శుభ్రమైన నీళ్లు ఇంకెక్కడా ఉండవు, సమస్య కూడా అదే. మామూలు నాచుకి, మంచి బాక్టీరియాకి తిండి లేక అవి తగ్గితే ఖాళీ అయిన జాగాలోకి డైనోస్ వచ్చి కూర్చుంటాయి.

వాటిల్లో రకాలున్నాయి, రకాన్ని బట్టి మందు మారుతుంది. మా అబ్బాయి స్కూలు మైక్రోస్కోప్ తీసి, స్లైడ్ మీద ఒక చుక్క వేసి 400 రెట్లు పెంచి చూశాం. ఒక కొన సన్నగా, ఇంకో కొన గుండ్రంగా ఉన్న గోధుమరంగు కణాలు, సన్న కొన దగ్గర కట్టేసినట్టు, గానుగెద్దుల్లా ఉన్నచోటే తిరుగుతున్నాయి. అవి ఆస్ట్రియాప్సిస్. మావాడు హోంవర్క్ వదిలేసి వాటిని చూస్తూ కూర్చున్నాడు. ఈ రకం రాత్రిపూట ఇసుక వదిలి నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ లైటు గుండా నీళ్లు పంపితే చస్తుంది. ఇసుకలోనే ఉండిపోయే ఆంఫిడినియం అయితే యూవీ వల్ల ఉపయోగం లేదు. ఫాస్ఫేట్‌ని పీల్చేసే మందు తీసేశా, తిండి పెంచా, నైట్రేట్ కొద్ది కొద్దిగా కలిపి 5 నుంచి 10 మధ్య నిలబెట్టా, మూడు రోజులు ట్యాంక్‌కి దుప్పటి కప్పి చీకటి చేసి, సంప్‌లో యూవీ రాత్రంతా నడిపా. వారాలు పట్టింది. చివరికి రాళ్ల మీద ఆకుపచ్చ జుట్టు నాచు మొలిస్తే ఇంట్లో అందరికీ పిలిచి చూపించా. ఆ నాచుని వదిలించుకోవడానికి మామూలుగా జనం నానా తంటాలు పడతారు.

రాళ్లతో పాటు ఉచితంగా వచ్చేది ఐప్టేషియా. గోధుమరంగు చిన్న పువ్వులాంటి ఎనిమోన్, ముట్టుకుంటే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. దాన్ని గీకినా కత్తిరించినా ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది, పక్కనున్న కోరల్స్‌ని కుడుతుంది. దీనికి మన సున్నమే మందు. కిళ్లీకొట్టు సున్నం కాదు, ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్. ముద్దగా కలిపి, మోటర్లు ఆపి, సిరంజితో దాని నోటి మీద పెట్టి పది నిమిషాలు ఆగితే కరిగిపోతుంది. ఒకే రోజు ఎక్కువ వాటికి పెడితే పీహెచ్ ఎగిరిపోతుంది కాబట్టి విడతలుగా చేయాలి. ఆ సున్నపు తేటనే చాలామంది టాపప్ నీళ్లలో వాడతారు, కాల్షియం, ఆల్కలినిటీ రెండూ అందులోంచే వస్తాయి. నావి మెత్తటి కోరల్స్, వాటికి అంత అవసరం లేదు, నీళ్లు మారుస్తుంటే సరిపోతుంది. ఆల్కలినిటీ 8 డిగ్రీల (డీకేహెచ్) కంటే తగ్గితే వంట సోడా వేస్తా. మా 200 లీటర్లకి 6 గ్రాములు ఆల్కలినిటీని ఒక డిగ్రీ పెంచుతుంది. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అది తెచ్చి పోయకండి.

తెల్లమచ్చలు, అంటే మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి జబ్బు, చేపతో పాటు వస్తాయి. రెక్కల మీద రవ్వంత చుక్కలు, చేప వెళ్లి రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంది. వారంలో చుక్కలు మాయమైతే తగ్గిందనుకుంటాం, అవి రాలి ఇసుకలో పడి పిల్లలు పెడుతుంటాయి. దీనికి రాగి మందు పనిచేస్తుంది గానీ అది రొయ్యల్ని, కోరల్స్‌ని చంపేస్తుంది, కాబట్టి ప్రధాన ట్యాంక్‌లో వేయడానికి లేదు. చేపలన్నిటినీ వేరే గాజు తొట్టిలోకి మార్చి, దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు వేసి, అక్కడ మందు ఇచ్చా. పెద్ద ట్యాంక్ రెండున్నర నెలలు చేప లేకుండా ఖాళీగా ఉంది. ఆ పరాన్నజీవికి చేప దొరక్కపోతే చచ్చిపోవాల్సిందే. ఆ తొట్టి ఇప్పటికీ ఉంది, కొత్త చేప ఏదొచ్చినా ముందు అక్కడే.

కోరల్స్ కొనేటప్పుడు ఒకటి తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి అస్థిపంజరం ఉన్న రాతి కోరల్స్ అన్నీ షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులితో సమానం. సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలకి కూడా ఆ చట్టం కింద రక్షణ ఉంది. ఒక షాపులో రాతి కోరల్ చూపించి "ఇంపోర్టెడ్ సార్, ఏం కాదు" అన్నాడు, కాగితం ఏదైనా ఉందా తమ్ముడూ అంటే టాపిక్ మార్చాడు. నేను పెంచేవి మష్రూమ్ కోరల్స్, జోయాంథిడ్లు, లెదర్ కోరల్, ఇవేవీ రాతి కోరల్స్ కావు. రాళ్లు కూడా ఫ్యాక్టరీలో చేసినవే. క్లౌన్ చేపలు హేచరీలో పుట్టినవే అడిగి తీసుకున్నా. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు వీటి పెంపకం ఎప్పుడో సాధించారు, కాబట్టి సముద్రంలోంచి పట్టుకొచ్చినవి కొనాల్సిన పనేం లేదు. హేచరీవి తెచ్చిన రోజే గుళికలు తింటాయి, అదో సుఖం. రెండు చిన్నవి వేస్తే పెద్దదయ్యేది ఆడది అవుతుంది, జత కోసం వెతకక్కర్లేదు.

జోయాంథిడ్లు అందంగా ఉంటాయని చేత్తో పట్టుకోకండి. కొన్నిటిలో పాలీటాక్సిన్ ఉంటుంది, చాలా ప్రమాదకరమైన విషం. వాటిని కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి, ఆ రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టడం లాంటి పనులు అసలు చేయొద్దు, ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. ఇంట్లో దోమల మందు, పెస్ట్ కంట్రోల్ స్ప్రే కూడా చేపలకీ రొయ్యలకీ విషమే. శుక్రవారం అమ్మ సాంబ్రాణి వేసేటప్పుడు స్కిమ్మర్ ఆపేస్తా, అది గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి నురగగా కొడుతుంది. ఆ మాత్రం సర్దుబాటు ఇద్దరికీ కుదిరింది.

ఈ మధ్య వైజాగ్‌లో మా బావమరిది కూడా మొదలుపెట్టాడు. "సముద్రం పక్కనే ఉంది బావా, ఉప్పు ఖర్చు కూడా లేదు" అని వాడి ధీమా. ఒడ్డు దగ్గర నీళ్లలో ఊరి మురుగు, హార్బర్ నూనె ఉంటాయి, పైగా వర్షాకాలం తర్వాత నదుల నీళ్లొచ్చి కలిసి బంగాళాఖాతంలో ఉప్పదనం బాగా పడిపోతుంది, పట్టిన ప్రతిసారీ కొలుచుకోవాలి అన్నా. అది విన్నాడు, మిక్స్ ఉప్పే కొన్నాడు. చిల్లర్ సంగతి మాత్రం వినలేదు, నువ్వు ఏప్రిల్ దాకా ఫ్యాన్లతోనే నడిపావుగా అన్నాడు. ఆ ఊళ్లో గాలిలోనే అంత తేమ ఉంటే నీళ్లు ఆవిరయ్యేదెక్కడ, చల్లబడేదెక్కడ. నిన్న ఫోన్ చేసి ఫ్యాన్లు రెండూ తిరుగుతూనే ఉన్నాయి, నీళ్లు 31 చూపిస్తోంది, 1/10 హెచ్‌పీ సరిపోతుందా లేక 1/5 కొనాలా అని అడిగాడు. వైజాగ్‌కి 1/5 తీసుకోమన్నా, బాల్కనీలో పెట్టమన్నా.